గుండు తర్వాత బట్టల లెక్క: మగవాళ్ళు తీరు మార్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి గుండు కొత్త కాదు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఏదో ఒక మొక్కు ఉంటుంది, కొండెక్కి కల్యాణకట్టలో కూర్చుంటాం, తలనీలాలు ఇచ్చి వస్తాం. పోయినసారి గుండుతో ఇంటికొచ్చి, మర్నాడు ఆఫీసుకు రోజూ వేసుకునే చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, ఎవరో పెద్దమనిషి చొక్కా అడిగి తెచ్చుకున్నట్టు కనిపించాను. జుట్టు ఉన్నన్నాళ్ళూ కంటికి ఆనని తప్పులన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. భుజాలు జారిపోయి ఉన్నాయి. కాలరు మెడకు దూరంగా నిలబడింది. ప్యాంటు అడుగున చెప్పుల మీద కుప్ప పడింది. మా ఆవిడ చూసి, "జుట్టొచ్చేదాకా సెలవు పెట్టండి" అంది.

సెలవు పెట్టలేదు గానీ, జుట్టు పెరిగే ఆ నాలుగైదు నెలల్లో నా బట్టల సంగతి మొత్తం తిరగేశాను. తేలిందేమిటంటే, నాకు బట్టలు తక్కువ కాలేదు, ఒంటికి సరిపోయేవే తక్కువ. అందుకే ఇక్కడ కొనే మాట చాలా ఆలస్యంగా వస్తుంది. ముందు బీరువా, తర్వాత టైలరు, ఆ తర్వాతే అంగడి. ఈ వరస తప్పితే మళ్ళీ అవే చొక్కాలు ఇంకో పది కొని ఇంట్లో పెట్టుకుంటారు.

మొదటి పని: బీరువా మొత్తం మంచం మీద పోయండి

ఆదివారం పొద్దున టిఫిను కాగానే మొదలుపెట్టండి. మధ్యాహ్నం భోజనం తర్వాత అయితే సగంలో నిద్రొస్తుంది, రాత్రికి పడుకోవడానికి మంచం ఖాళీ ఉండదు. చొక్కాలు, ప్యాంట్లు, టీషర్టులు, పంచెలు, బనియన్లు, బెల్టులు, తలుపు వెనక కొక్కేనికి వేలాడేవి కూడా తెచ్చి పోయండి. ఇస్త్రీ మడతలో ఉన్నవీ విప్పాలి. లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. నాకు చొక్కాలు 31 తేలాయి. అందులో మార్చి మార్చి వేసుకునేవి ఏడు. అయినా ప్రతి పండక్కీ "వేసుకోవడానికి ఏమీ లేవు" అని కొత్తది కొంటూనే ఉన్నాను.

ఇప్పుడు ఒక్కోటీ తొడుక్కుని చూడాలి. చేత్తో ఎత్తిపట్టుకుని "ఇది బాగానే ఉందిలే" అనుకుంటే కుదరదు. గుండీలన్నీ పెట్టండి. బండి హ్యాండిలు పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాచండి. తర్వాత కుర్చీలో కూర్చోండి. వీపు బిగుసుకున్నా, పొట్ట దగ్గర గుండీల మధ్య సందు తెరుచుకున్నా అది పక్కకు పోవాల్సిందే. ప్యాంటయితే బెల్టు లేకుండా వేసుకుని ఇంట్లో నాలుగడుగులు నడవండి. జారితే నడుము ఎక్కువ, ఊపిరి బిగబట్టి హుక్కు పెట్టాల్సివస్తే తక్కువ.

నాలుగు కుప్పలు అవుతాయి. అలాగే వేసుకోదగ్గవి ఒకటి, సరిచేయిస్తే పనికొచ్చేవి ఒకటి, ఇంకొకరికి ఇచ్చేవి ఒకటి, తుడిచే గుడ్డలయ్యేవి ఒకటి. మూడో కుప్ప దగ్గరే మనసు ఒప్పుకోదు. "సన్నబడ్డాక వేసుకుంటా" అని దాచిన 32 నడుము జీన్సు నా దగ్గర ఆరేళ్ళుంది. రెండేళ్ళుగా ఒంటిమీదికి రాని బట్ట ఇక రాదు. ఇచ్చేముందు ఉతికి, ఊడిన గుండీలు కుట్టించి ఇవ్వండి. మనం వేసుకోని స్థితిలో ఉన్నదాన్ని ఇంకొకరికి ఇవ్వడం మర్యాద కాదు. పాత కాటన్ బనియన్లు మాత్రం పారేయకండి. బండి తుడవడానికి, బూట్లకు పాలిష్ పట్టించడానికి అంతకంటే మంచి గుడ్డ దొరకదు.

బీరువా అడుగున ఇంకో మూట ఉంటుంది. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో పెట్టిన ప్యాంటు షర్టు బిట్లు. అట్టపెట్టెలో, మీద సెల్లోఫేను కాగితంతో, ఎవరు పెట్టారో గుర్తులేనివి. వాటిని బయటికి తీసి విడిగా పెట్టండి. వాటి సంగతి కాసేపట్లో చూద్దాం.

రెండో పని: రెండో కుప్పతో టైలరు దగ్గరికి

నేను వెళ్ళే టైలరు కొట్టు గాంధీ రోడ్డు వెనక సందులో, మంచమంత ఉంటుంది. మెషీను, ఇస్త్రీ బల్ల, గోడకు మేకులకు వేలాడే కుట్టిన చొక్కాలు, బిల్లు పుస్తకంలో ఒక్కో పేజీకి పిన్ను కొట్టిన గుడ్డ ముక్కలు. తొమ్మిది చొక్కాలు తీసుకుపోయి, "అన్నీ లూజు, సైడ్లు పట్టెయ్ అన్నా" అన్నాను. ఆయన ఏమీ మాట్లాడకుండా ఒకటి తొడుక్కోమన్నాడు. మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టి, నా భుజం మీద వేలుతో ఎముక ఎక్కడుందో వెతికాడు. అక్కడ సుద్దతో చిన్న గీత గీశాడు. చొక్కా కుట్టు ఆ గీతకు అంగుళంన్నర కింద ఉంది.

"సైడు పట్టేస్తే ఏమొస్తాది నా? భుజం జారిపోయి ఉండాది గదా" అన్నాడు. "భుజం ఇప్పితే చేతులు ఇప్పాల, కాలరు కదిలిపోతాది. అంత పనికి కొత్తది కుట్టించుకునేది మేలు. సైడు, పొడుగు, చేతులు అయితే నాకాడికి తీసుకురాండి."

తొమ్మిదిలో నాలుగు వెనక్కిచ్చేశాడు. డబ్బులొచ్చే పని వద్దన్నాడంటే ఆ మాట నమ్మొచ్చు.

అప్పట్నుంచి చొక్కా ఏదైనా నేను మొదట చూసేది భుజం. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక అంచు మీద కూర్చోవాలి. అది కుదిరితే మిగతావన్నీ సరిచేయించుకోవచ్చు, అది కుదరకపోతే ఎంత ఖరీదైన బట్టయినా అడిగి తెచ్చుకున్నట్టే ఉంటుంది. తర్వాత కాలరు. పై గుండీ పెట్టినప్పుడు మెడకూ కాలరుకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి, మూడు దూరితే ఎక్కువ. ఫుల్ చేతులైతే కఫ్ మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. హాఫ్ చేతులు మోచేతిదాకా దిగితే బడిపిల్లాడి యూనిఫారంలా ఉంటుంది, భుజానికీ మోచేతికీ మధ్యలో ఆగితే చాలు. రెండు పక్కలా గుడ్డను వేళ్ళతో పట్టి చూడండి. పక్కకు రెండంగుళాల కంటే ఎక్కువ మిగిలితే సైడు పట్టించాలి. టక్ చేయకుండా వేసుకునే చొక్కా బెల్టును కప్పి జిప్పు సగందాకా వస్తే సరిపోతుంది. మనలో చాలామంది టక్ చేసుకునేందుకు కుట్టిన పొడుగు చొక్కానే బయటికి వదిలేసి తిరుగుతారు. పొట్ట దాగుతుందని అనుకుంటాం, నిజానికి మనిషే పొట్టిగా కనిపిస్తాడు. ఒక్క పొడుగు తగ్గించినందుకే నా నాలుగు చొక్కాలు కొత్తవాటిలా మారిపోయాయి.

ప్యాంటు విషయంలో తెలుసుకోవాల్సినవి తక్కువే. కుట్టించిన ప్యాంటుకు వెనక నడుము కుట్టు లోపల మార్జిను వదులుతారు. అందులోంచి అంగుళం, అంగుళంన్నర వదులు చేయవచ్చు. తగ్గించడం రెండంగుళాల దాకా పరవాలేదు, అంతకు మించితే వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చి వికారంగా ఉంటుంది. కాలు పొడుగు చూపేటప్పుడు ఏ చెప్పులతో వేసుకుంటారో అవే వేసుకుని నిలబడండి. ముందువైపు ఒక్క మడత పడాలి, అంతకంటే వద్దు. బాటమ్ మరీ బిగువుగా పెట్టించకండి. కింద కూర్చుని లేవాల్సిన ఊరు మనది, గుళ్ళో పంక్తిభోజనానికి కూర్చున్నప్పుడు తెలుస్తుంది.

కొలతలు ఒకసారి సరిగ్గా తీయించి ఫోనులో రాసిపెట్టుకోండి. మెడ, భుజం, ఛాతీ, చేయి, పొడుగు, నడుము, సీటు, తొడ, బాటమ్. ఆన్‌లైనులో కొనేవాళ్ళకు ఇంకో చిట్కా ఉంది. మీకు బాగా నప్పిన చొక్కాను నేలమీద పరిచి చంక నుంచి చంకకు కొలవండి. అక్కడ 22 అంగుళాలు వస్తే చుట్టూ 44 అన్నమాట, అంటే 40 ఛాతీ మనిషికి నాలుగంగుళాల వదులు. సైటులో ఇచ్చిన కొలతల పట్టికను ఈ అంకెతో పోల్చుకుని తీసుకోండి. ఎల్, ఎక్స్‌ఎల్ అక్షరాలను నమ్ముకుంటే ఒక్కో కంపెనీ ఎల్ ఒక్కో సైజు ఉంటుంది. నేను ఒకసారి పండగ ముందు అలా తెప్పించుకున్న కుర్తా మా తమ్ముడికి సరిపోయింది. వాడు నాకంటే పది కిలోలు తక్కువ.

మూడో పని: పెట్టిన బిట్లు విప్పండి

ఇప్పుడు ఆ అట్టపెట్టెలు. ఊరికే వచ్చినవని చిన్నచూపు చూస్తాం గానీ, నా దగ్గర తేలిన ఆరు బిట్లలో రెండు మంచి కాటన్. మిగతావాటిలో ఏది ఏమిటో తెలుసుకోవాలంటే అంచు నుంచి నాలుగైదు పోగులు లాగి, వాకిట్లో పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసనొచ్చి, వేళ్ళ మధ్య నలిగిపోయే బూడిద మిగులుతుంది. పాలిస్టరు అయితే ముడుచుకుని, కరిగి, చివర గట్టి గుండులా తయారవుతుంది. రెండూ కలిస్తే రెండూ కనిపిస్తాయి. పెట్టె మీద ఏం రాసున్నా ఇది అబద్ధం చెప్పదు.

వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళో పూర్తి పాలిస్టరు చొక్కా అంటే ఒంటికి ప్లాస్టిక్ సంచి చుట్టుకున్నట్టే. చెమటను పీల్చదు, గాలి ఆడనివ్వదు. అలాంటి షర్టు బిట్లు పెట్టెతో సహా పక్కన పెట్టేయండి. ప్యాంటు గుడ్డలో మాత్రం కొంత పాలిస్టరు కలిసినా నష్టం లేదు, మడత నిలుస్తుంది, త్వరగా ఆరుతుంది.

కుట్టించేముందు ఎంత గుడ్డ ఉందో చూసుకోండి. 58 అంగుళాల పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అయితే ప్యాంటుకు సుమారు మీటరు ఇరవై నుంచి ముప్పై, ఫుల్ చేతుల చొక్కాకు మీటరు అరవై నుంచి ఎనభై. చేనేత గుడ్డ లాంటివి 36 అంగుళాల పన్నాలో వస్తే చొక్కాకు రెండుంపావు నుంచి రెండున్నర మీటర్లు కావాలి. ఒళ్ళు భారీగా ఉన్నవాళ్ళు, చెక్స్ గుడ్డ ఉన్నవాళ్ళు ఇంకాస్త ఎక్కువ పెట్టుకోవాలి, గళ్ళు కలపడానికి టైలరుకు అదనంగా కావాలి గనక. జేబు దగ్గర గళ్ళు కలిశాయా లేదా అన్నది చూస్తే ఎవరి దగ్గర కుట్టించారో తెలిసిపోతుంది.

కాటన్ గుడ్డను కుట్టడానికి ఇచ్చేముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి నీడన ఆరేయండి. కుంచించుకునేది అప్పుడే కుంచించుకుంటుంది. ఈ ఒక్క పని మరిచిపోయి కుట్టించుకున్న తెల్ల చొక్కా రెండో ఉతుకుకే చేతులు పైకి లాక్కుంది. టైలరును తిట్టుకున్నాను, తప్పు ఆయనది కాదు.

నాలుగో పని: ఏవి ఎన్ని ఉండాలో రాసుకోండి

ఆఫీసుకు వెళ్ళే మనిషికి నా లెక్క ఇది: ప్యాంట్లు నాలుగు, చొక్కాలు ఎనిమిది, టీషర్టులు నాలుగు, పంచెలు రెండు, కుర్తా పైజమా ఒక జత. ప్రతి ప్యాంటు మీదా ప్రతి చొక్కా నప్పేలా రంగులు ఎంచుకుంటే నాలుగు ఎనిమిదులు 32, నెల గడిచినా వేసిన జత మళ్ళీ వేయక్కర్లేదు. బీరువాలో తేలినవి, కుట్టించినవి ఇందులోంచి తీసేయగా మిగిలినవే కొనాల్సినవి. నాకు మిగిలింది మూడు చొక్కాలు, ఒక ప్యాంటు.

ప్యాంట్లకు నేవీ బ్లూ, బూడిద రంగు, గోధుమ రంగు, ముదురు ఆలివ్ పచ్చ సరిపోతాయి. నల్ల ప్యాంటు అందరి దగ్గరా ఉంటుంది, కానీ బండి మీద తిరిగేవాళ్ళకు అంత లాభం లేదు. ఎండకు వేడెక్కుతుంది, రేణిగుంట రోడ్డు మీద ఒకసారి పోయివస్తే దుమ్మంతా దానిమీదే కనిపిస్తుంది. చొక్కాల్లో తెలుపు, లేత నీలం, గంధం రంగు, సన్న గీతలది ఒకటి, చిన్న గళ్ళది ఒకటి, ముదురుది ఒకటి. ముదురు అంటే నేరేడు రంగో, ఇటుక రంగో.

ఇక్కడికొచ్చేసరికి మనవాళ్ళు జంకుతారు. "నాకు రంగులు నప్పవు, నల్లగా ఉంటా" అంటారు. చామనఛాయకు నేరేడు రంగు, ముదురు పచ్చ, మిరపపండు ఎరుపు, ఆవపిండి పసుపు ఎంత బాగా నప్పుతాయో ఒకసారి వేసుకుని ఎండలో నిలబడి చూస్తే తెలుస్తుంది. నప్పనివి పాలిపోయిన లేత రంగులు, అవి మొహాన్ని ఇంకా అలిసినట్టు చూపిస్తాయి. నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే, ఏడాది పొడుగునా నీలం తప్ప ఇంకో రంగు ముట్టని మనిషే మొక్కు ఉందని చీర కట్టి, రవిక తొడిగి, పూలు పెట్టుకుని బజారులో నడుస్తాడు. ఎవరూ నవ్వరు, దండం పెడతారు. అమ్మవారి ముందు అంత ధైర్యం ఉన్నవాడు ఆఫీసుకు ఒక నేరేడు చొక్కా వేసుకోలేడా?

చేతిలో బట్ట పట్టుకున్నప్పుడు రెండు పరీక్షలు చేయండి. ఒక మూల పిడికిట్లో గట్టిగా నలిపి పది లెక్కపెట్టి వదలండి, ఎంత ముడత నిలుస్తుందో మీ రోజంతా అంతే నిలుస్తుంది. తర్వాత వెలుతురుకు ఎత్తి చూడండి, చేతివేళ్ళు స్పష్టంగా కనిపిస్తే లోపలి బనియనూ కనిపిస్తుంది. లినెన్ నలుగుతుంది, అది దాని గుణం. నలగడం ఇష్టంలేనివాళ్ళు కాటన్ కలిసిన లినెన్ తీసుకోవచ్చు. బనియను మాట వచ్చింది గనక, తెల్ల చొక్కా లోపల తెల్ల బనియను గీత తీసినట్టు బయటికి కనిపిస్తుంది. లేత బూడిద రంగుదో, ఒంటి రంగుకు దగ్గరదో వేసుకుంటే కనిపించదు. ఇది చెబితే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు, మర్నాడు ఇద్దరు అడిగి రంగు రాసుకున్నారు.

ఇక శ్రీకాళహస్తి మనకు ఓ గంట దారి. కలంకారీ చొక్కా ఒకటి ఉండాలని నా పట్టుదల. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో గుడ్డను తడిపి ఆరబెట్టి, వెదురు కలంతో చేత్తో గీస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టిన నీళ్ళే నల్ల గీతకు సిరా. కొత్తదానికి పాలవాసన లాంటిది వస్తే కంగారుపడకండి. అచ్చుతో వేసేది మచిలీపట్నం వైపు పద్ధతి, కాళహస్తిది చేతిగీత. కాబట్టి రెండు బొమ్మలు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అది చేత్తో గీసింది కాదు. ఒళ్ళంతా బొమ్మలుంటే మనిషి కంటే ముందు చొక్కా నడుస్తుంది. చిన్న మోటిఫ్ ఉన్నది తీసుకుని, కింద బొమ్మల్లేని ప్యాంటు వేయండి. లేదా కాలరుకో జేబుకో ఒక ముక్క పెట్టించండి. మిగతా బట్టలతో కలపకుండా విడిగా చల్లటి నీళ్ళలో ఉతికి నీడన ఆరేయాలి.

పంచెల్లో నాలుగు మూరలది సుమారు రెండు మీటర్లు, మామూలుగా చుట్టుకోవడానికి. ఎనిమిది మూరలది సుమారు నాలుగు మీటర్ల దాకా ఉంటుంది, రెండు మడతలుగా నిండుగా వస్తుంది. తిరుమలలో ఆర్జిత సేవలకూ ప్రత్యేక ప్రవేశ దర్శనానికీ మగవాళ్ళు పంచె ఉత్తరీయంతోనో, కుర్తా పైజమాతోనో రావాలి. కొండ కింద ఉండే మనకు బంధువులు ఎప్పుడు దిగుతారో, ఎప్పుడు తోడు వెళ్ళాల్సివస్తుందో తెలియదు. ఉతికి ఇస్త్రీ చేసిన జత ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. ఏడాది పొడుగునా ఆ దర్శనానికి తప్ప పంచె కట్టనివాళ్ళు కట్టిన రోజు నడుము పట్టుకునే నడుస్తారు. ఆదివారాలు ఇంట్లో కట్టుకుంటే నాలుగు వారాల్లో నడక కుదురుతుంది. నడుముకు పంచె బెల్టు పెట్టుకోవడంలో సిగ్గేమీ లేదు.

బ్లేజరు గురించి అడుగుతారు. మన ఎండలకు పెళ్ళి రిసెప్షనుకు తప్ప దానితో పని లేదు. ఒక్క రాత్రికే అయితే అద్దెకు తెచ్చుకోండి.

ఐదో పని: కాళ్ళు

ఎదుటివాడు మొహం చూశాక చూసేది కాళ్ళే. తిరుపతి, చిత్తూరు వైపువాళ్ళకు ఇందులో ఒక వీలుంది. వేలూరు దాటితే ఆంబూరు, వాణియంబాడి. తోలు శుద్ధికీ బూట్ల తయారీకీ పేరున్న ఊళ్ళు. అటు పనిమీద వెళ్ళినప్పుడు తోలు చెప్పులు, బూట్లు చూసి తెచ్చుకోవచ్చు. ఎక్కడ కొన్నా సాయంత్రం పూట కొనండి. రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి కరుస్తుంది. రెండు కాళ్ళకూ వేసుకుని నడిచి చూడాలి, ఎందుకంటే చాలామందికి ఒక పాదం ఇంకోదానికంటే కాస్త పెద్దది.

గోధుమ రంగు తోలు బూట్లు ఒక జత, తెల్లవో బూడిద రంగువో స్నీకర్లు ఒక జత, మంచి తోలు చెప్పులు ఒక జత, వానకు రబ్బరువి ఒక జత. బెల్టు బూట్ల రంగులో ఉంటే చాలు, సరిగ్గా అదే ఛాయ కానక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరు వరదలప్పుడు మా వీధి నీళ్ళలో నా ఒక్కగానొక్క తోలు బూట్ల జత నానింది. ఎండలో పెట్టి ఎండబెట్టాను. చెక్కలా బిగుసుకుని పగిలిపోయాయి. బురద తడిగుడ్డతో తుడిచి, లోపల పాత పేపరు కుక్కి, తడిసిన పేపరు మారుస్తూ ఫ్యాను కింద రెండు మూడు రోజులు ఉంచి, ఆరాక పాలిష్ పట్టించాలి. తర్వాత తెలిసింది.

ఆరో పని: తల, గడ్డం

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కొందరికి ఇంకాస్త పెరుగుతుంది. గుండు తర్వాత దువ్వుకునేంత జుట్టుకు నాలుగైదు నెలలు ఓపిక పట్టాలి. మొదటివారం గంధం పూసుకుంటాం, ఆ తర్వాత తలకు ఎండ తగలకుండా టోపీయో సన్‌స్క్రీనో వాడండి, చర్మం కమిలిపోతుంది. రెండో నెలలో జుట్టు ముళ్ళపందిలా నిలబడుతుంది. అప్పుడే చాలామంది ఓపిక పోయి మొత్తం కత్తిరించేస్తారు. అలా వద్దు. మంగలి దగ్గర పక్కలు, మెడ వెనక మాత్రమే సర్దించుకోండి, పైన వదిలేయండి. నాలుగో నెల నుంచి పాపిట ఎటు పడుతుందో చూసుకోవచ్చు. ఇన్నేళ్ళూ ఎడమ పాపిట తీసినవాడు కుడికి మార్చి చూడ్డానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

గుండు మీద శుభ్రమైన గడ్డం బాగుంటుంది, కానీ దానికి ఒక గీత ఉండాలి. కంఠమణికి రెండు వేళ్ళ పైన గీత పెట్టి, కింది వెంట్రుకలన్నీ తీసేయండి. దవడ అంచు మీద గీత పెడితే గడ్డం కింద కండ బయటపడుతుంది. గీసుకున్నాక పటిక రుద్దుకోవడం మన మంగళ్ళ పాత అలవాటు, ఇప్పటికీ పనిచేస్తుంది.

ఏడో పని: ఉతుకు, ఇస్త్రీ

సరిచేయించిన బట్టలు నిలవాలంటే ఉతుకు మారాలి. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువుంటే సబ్బు సరిగా నురగ రాదు, తెల్లటి మడ్డి గుడ్డలో చేరి తెలుపు బూడిదలా మారుతుంది. అలాంటి ఇళ్ళలో బార్ సబ్బు కంటే పౌడరో లిక్విడో మేలు, జాడింపు ఒకసారి ఎక్కువ వేయాలి. చంకల్లో పసుపు మరకకు బ్లీచింగు పోయకండి, ఇంకా ముదురుతుంది. వంటసోడాను ముద్దలా కలిపి అరగంట పట్టించి, మెత్తటి బ్రష్షుతో రుద్ది ఉతకండి. సగం మరక డియోడరెంటు తెచ్చేదే, అది ఆరాకే చొక్కా తొడుక్కోవాలి. రంగు బట్టలు, జీన్సు తిరగేసి ఉతికి తిరగేసే ఆరేయండి, మన ఎండకు రంగు రెండు నెలల్లో దిగుతుంది.

ఇస్త్రీ బండి మనిషితో ఒక మాట చెప్పుకోండి, కాలరు ముందు లోపలి వైపు, తర్వాత పైవైపు తోయమని. అప్పుడు కొసలు ముడుచుకోవు. బొగ్గుల పెట్టెతో చేసేవాళ్ళయితే లినెన్ మీద తడిగుడ్డ వేసి చేయమనండి.

ఎప్పుడు కొనాలి

మన ఊరికి రెండు తగ్గింపులు. తెలుగు ఆషాఢం ముందు వస్తుంది, దాని వెనకే తమిళుల ఆడి నెల, జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. చెన్నై దగ్గర కావడంవల్ల తిరుపతి, చిత్తూరు అంగళ్ళలో రెండు బోర్డులూ వేలాడతాయి. దసరా, దీపావళికి కొత్త సరుకు వస్తుంది, ధర కూడా కొత్తదే. పండక్కి కావాల్సింది ఆడిలోనే తీసి పెట్టుకుంటే టైలరుకూ ఊపిరాడుతుంది, దీపావళి ముందు పదిహేను రోజులు ఆయన ఎవరి మాటా వినడు.

అంగడికి వెళ్ళేటప్పుడు నాలుగో పనిలో రాసుకున్న చీటీ జేబులో ఉండాలి. "ఒకటి కొంటే ఒకటి" అన్నచోట ఆ రెండోది చీటీలో ఉందా అని చూడండి. ఈ ఆడికి నా చీటీలో రెండే ఉన్నాయి. మబ్బు రంగు లినెన్ చొక్కా, హాఫ్ చేతులది. గోధుమ రంగు బెల్టు, పాతదానికి మూడో చిల్లు దగ్గర తోలు చీలింది.